ఓడే జట్టును వదల్లేని వాళ్ల కోపం

అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని క్లీవ్‌లాండ్ నగరానికి బ్రౌన్స్ అనే ఫుట్‌బాల్ జట్టు ఉంది. 2016లో ఆ జట్టు 16 ఆటలాడి ఒక్కటి గెలిచింది. 2017లో అదీ లేదు, పదహారుకు పదహారూ ఓడింది. ఆ రెండేళ్లూ ఎరీ సరస్సు మీంచి వీచే చలిగాలిలో నారింజ, గోధుమ రంగు బట్టలు వేసుకుని జనం స్టేడియానికి వస్తూనే ఉన్నారు. గొంతు పోయేలా అరిచారు, యాజమాన్యాన్ని తిట్టారు, ఇంటికి వెళ్లి పై ఆదివారం మళ్లీ వచ్చారు.

ఈ కోపాన్ని తేలిగ్గా తీసేసేవాళ్లు రెండు మాటలంటారు. ఆటే కదా, ఇంత బాధ ఎందుకు అనేది మొదటిది. నచ్చకపోతే చూడటం మానేయొచ్చు కదా అనేది రెండోది. రెండూ పైపై మాటలే. అమెరికన్ ఫుట్‌బాల్ లీగు నిర్మాణం, ఆ జట్ల చరిత్ర, అభిమానుల మనస్తత్వం మీద జరిగిన పరిశోధనలు, నిరసనలు ఫలించిన సందర్భాలు, విఫలమైన సందర్భాలు అన్నీ దగ్గర పెట్టుకుని చూస్తే ఒక సంగతి స్పష్టమవుతుంది. ఓటమిని అభిమానులు ఏళ్ల తరబడి భరించగలరు. ఓటమికి ఎవరూ జవాబు చెప్పకపోవడాన్ని మాత్రం భరించలేరు. వాళ్ల కోపం న్యాయమైనదే అనడానికి ఆధారం అక్కడుంది.

లీగు నడిచే తీరు

ఇక్కడ ఫుట్‌బాల్ అంటే మనకు తెలిసిన సాకర్ కాదు. హెల్మెట్లు పెట్టుకుని, కోలగా ఉండే బంతిని చేత్తో విసురుతూ, పట్టుకుని పరిగెత్తుతూ ఆడే ఆట. దాడిని నడిపించేది క్వార్టర్‌బ్యాక్. ఈ లీగు పేరు ఎన్‌ఎఫ్‌ఎల్, ఇందులో 32 జట్లున్నాయి. 2021 నుంచి ఒక్కో జట్టు సీజన్‌కు 17 ఆటలు ఆడుతోంది. అంటే ఏడాది మొత్తంలో అభిమానికి దక్కేవి పదిహేడు రోజులే. క్రికెట్లోనో బేస్‌బాల్‌లోనో ఇవాళ ఓడితే రేపు గెలవచ్చు. ఇక్కడ ఒక్క ఓటమిని వారమంతా మోయాలి.

బలహీన జట్లు కోలుకోవడానికి ఈ లీగు ఎన్నో ఏర్పాట్లు చేసింది. కాలేజీల నుంచి వచ్చే కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్ 1936 నుంచి ఉంది, అందులో ముందు వంతు అట్టడుగున నిలిచిన జట్టుదే. 1994 నుంచి జీతాలకు పరిమితి కూడా ఉంది కాబట్టి డబ్బున్న యజమాని మంచి ఆటగాళ్లనందరినీ కొనేసుకోలేడు. 32 జట్లలో 14 జట్లు ప్లేఆఫ్స్‌కు వెళ్తాయి. ఇన్ని అవకాశాలున్న చోట ఒకటి రెండేళ్లు ఓడితే దురదృష్టం అనుకోవచ్చు. ఇరవై ఏళ్లు ఓడితే అది యాజమాన్యం చేతగానితనమే.

చేతగానితనానికి శిక్ష మాత్రం లేదు. ఇంగ్లండ్ సాకర్లో అట్టడుగున నిలిచిన జట్టు కింది లీగుకు జారిపోతుంది. అమెరికాలో ఆ పద్ధతే లేదు. టీవీ హక్కుల డబ్బును జట్లన్నీ సమానంగా పంచుకుంటాయి. 2021లో కుదిరిన ప్రసార ఒప్పందాల విలువ పదకొండేళ్లకు దాదాపు 11,000 కోట్ల డాలర్లు. గ్రీన్ బే ప్యాకర్స్ జట్టు ప్రజల వాటాలతో నడుస్తుంది కాబట్టి ఏటా లెక్కలు బయటపెడుతుంది. 2025లో అది వెల్లడించిన లెక్క ప్రకారం లీగు నుంచి ఒక్కో జట్టుకు అందిన వాటా 43 కోట్ల డాలర్ల పైమాటే. ఒక్క టికెట్ అమ్మకుండానే, ఒక్క ఆట గెలవకుండానే వచ్చే సొమ్ము ఇది. పైగా జట్టు ధర ఏటా పెరుగుతూనే ఉంటుంది. 1999లో 80 కోట్ల డాలర్లకు వాషింగ్టన్ జట్టును కొన్న డాన్ స్నైడర్, రెండు దశాబ్దాలకు పైగా అభిమానులను ఏడిపించి, 2023లో 605 కోట్లకు అమ్మి వెళ్లిపోయాడు. అభిమానికి మిగిలింది ఓటమి, యజమానికి మిగిలింది లాభం. కోపానికి వేరు ఇక్కడే ఉంది.

క్లీవ్‌లాండ్: గుండెకోత నుంచి అవమానం దాకా

బ్రౌన్స్ పుట్టుకతోనే ఓడిన జట్టు కాదు. 1946లో పాల్ బ్రౌన్ శిక్షణలో మొదలై అప్పటి మరో లీగులో వరుసగా నాలుగు టైటిళ్లు గెలిచింది. 1950లో ఎన్‌ఎఫ్‌ఎల్‌లోకి వచ్చిన మొదటి ఏడాదే ఛాంపియన్ అయింది. 1954, 1955, 1964లోనూ గెలిచింది. మారియన్ మోట్లీ, బిల్ విల్లిస్ లాంటి నల్లజాతి ఆటగాళ్లను 1946లోనే తీసుకుని దారి చూపిన జట్టు ఇది. జిమ్ బ్రౌన్ ఆడింది ఇక్కడే. తాత ముత్తాతల కాలపు ఈ వైభవం ఇళ్లలో కథలుగా బతికే ఉంది. 1964 తర్వాత మరో టైటిల్ రాలేదు. లీగు ఫైనల్ అయిన సూపర్ బౌల్‌లో ఈ జట్టు ఇంతవరకు అడుగే పెట్టలేదు.

1980ల నాటి ఓటములు వేరే రకం. 1987 జనవరి 11న సూపర్ బౌల్‌కు ఒక్క మెట్టు దూరంలో, సొంత మైదానంలో బ్రౌన్స్ 20-13తో ముందుంది. ఐదున్నర నిమిషాలే మిగిలాయి. డెన్వర్ జట్టు తన గోల్ గీతకు రెండు గజాల దగ్గర ఇరుక్కుపోయి ఉంది. అక్కడి నుంచి డెన్వర్ క్వార్టర్‌బ్యాక్ జాన్ ఎల్వే 98 గజాలు నడిపించి, 37 సెకన్లు మిగిలుండగా స్కోరు సమం చేశాడు. ఓవర్‌టైమ్‌లో డెన్వర్ గెలిచింది. ఏడాది తర్వాత మళ్లీ అదే ప్రత్యర్థి, అదే మెట్టు. బ్రౌన్స్ ఆటగాడు ఎర్నెస్ట్ బైనర్ గోల్ గీతకు రెండు మూడు గజాల దూరంలో బంతి జారవిడిచాడు. ఆ రోజు జట్టును మళ్లీ పోటీలోకి తెచ్చింది కూడా బైనరే. ఈ రెండు ఆటలనూ క్లీవ్‌లాండ్ ఇవాళ్టికీ పేరు పెట్టి తలుచుకుంటుంది. అది గుండెకోతే, కానీ అందులో అవమానం లేదు. పోరాడి ఓడిన జట్టును నగరం ఇంకా గట్టిగా పట్టుకుంది. స్టేడియం తూర్పు కొసన బల్లల మీద కూర్చునే జనం కుక్క ముఖాల మాస్కులు పెట్టుకుని మొరుగుతూ జట్టును ఉత్సాహపరచడం ఆ రోజుల్లోనే మొదలైంది.

అవమానం 1995 నవంబర్ 6న వచ్చింది. జట్టును బాల్టిమోర్‌కు తరలిస్తున్నట్టు యజమాని ఆర్ట్ మోడెల్ ప్రకటించాడు. మరుసటి రోజే నగరం ఉన్న కౌంటీలో ఓటింగ్ జరిగింది. స్టేడియం బాగు కోసం మద్యం, సిగరెట్ల మీద పన్ను కొనసాగించాలా వద్దా అన్నది ప్రశ్న. జట్టు పోతోందని తెలిసి కూడా జనం భారీ ఆధిక్యంతో సరే అని ఓటేశారు. డిసెంబర్ 17న పాత స్టేడియంలో చివరి ఆట. సిన్సినాటి మీద బ్రౌన్స్ గెలిచింది. ఆ గెలుపుతో ఎవరికీ పని లేకపోయింది. ఆట సాగుతుండగానే జనం కూర్చున్న బల్లలను పెకలించి మైదానంలోకి విసిరారు. ఆట అయ్యాక కొందరు ఆటగాళ్లు పరుగున ఆ తూర్పు కొసకు వెళ్లి అభిమానులను కౌగిలించుకున్నారు. ఆటగాళ్లూ అభిమానులూ ఒకవైపు, యజమాని మరోవైపు అని అంత స్పష్టంగా కనిపించిన రోజు ఈ ఆట చరిత్రలో మరొకటి అరుదు. బాల్టిమోర్ వెళ్లిన జట్టు అయిదేళ్లకే, 2000 సీజన్లో, సూపర్ బౌల్ గెలిచింది.

నగరం ఊరుకోలేదు. కోర్టుకెక్కింది, లీగును నిలదీసింది. 1996లో కుదిరిన ఒప్పందంతో బ్రౌన్స్ అనే పేరు, రంగులు, చరిత్ర క్లీవ్‌లాండ్‌కే దక్కాయి. 1999లో కొత్త జట్టు వచ్చింది. అప్పటి నుంచి 2024 సీజన్ దాకా ఆ జట్టు తరఫున ఆటను మొదలుపెట్టిన క్వార్టర్‌బ్యాక్‌లు 40 మంది. పాత జెర్సీ వీపు మీద ఒకరి పేరు కొట్టేసి ఆ కింద మరొకరి పేరు, దాన్నీ కొట్టేసి ఇంకొకరి పేరు అంటించుకుంటూ పోయిన అభిమాని చొక్కా అందరికీ తెలిసిన గుర్తయింది. కోచ్‌లదీ అదే వరస. రాబ్ చుడ్‌జిన్‌స్కీని 2013లో ఒక్క సీజన్‌కే పంపేశారు. పక్క రాష్ట్రంలోని పిట్స్‌బర్గ్ స్టీలర్స్‌లో 1969 నుంచి 2024 దాకా ముఖ్య కోచ్‌లు మొత్తం ముగ్గురే.

2016, 2017 ఓటములు చేతులారా తెచ్చుకున్నవి. ముందు అట్టడుగుకు దిగి డ్రాఫ్ట్ వంతులు పోగేసుకుని తర్వాత లేవాలన్నది యాజమాన్యం లెక్క. రిచర్డ్ థేలర్, కేడ్ మాసీ అనే ఇద్దరు పరిశోధకులు డ్రాఫ్ట్ వంతుల విలువను లెక్కగట్టి, జట్లు మొదటి వంతులకు ఉన్నదానికంటే ఎక్కువ విలువ కడుతున్నాయని తేల్చారు. కాబట్టి వెనక్కి జరిగి ఎక్కువ వంతులు తీసుకోవడం కాగితం మీద తెలివైన పనే. ఆచరణలో ఆ పోగేసిన వంతులతో ఎవరిని తీసుకోవాలో తెలియలేదు. ఆ రెండేళ్లలో హ్యూ జాక్సన్ శిక్షణలో జట్టు 1 గెలిచి 31 ఓడింది. పదహారూ ఓడిన తర్వాత కూడా యజమాని ఆయన్నే కొనసాగించాడు.

2018 జనవరి 6న అభిమానులు వీధిలోకి వచ్చారు. గడ్డకట్టే చలిలో వేల మంది స్టేడియం చుట్టూ ఊరేగారు. ప్రదక్షిణ చేస్తూ నడిస్తే పైనుంచి చూసినవాళ్లకు సున్నా కనిపించాలన్నది ఉద్దేశం. కొందరు శవపేటిక ఆకారాలు మోసుకొచ్చారు. చందాలు పోగుచేసి నగరంలోని ఆకలి తీర్చే సంస్థకు ఇచ్చారు. కొందరు ఆటగాళ్లకు ఇది నచ్చలేదు, తమను అవమానించారని బాధపడ్డారు. ఆ బాధ అర్థమయ్యేదే. కానీ ఊరేగింపు గురి ఆటగాళ్ల మీద లేదు. ఓడిపోవడమే ప్రణాళికగా పెట్టుకుని, ఆ ప్రణాళికకు టికెట్ డబ్బులు వసూలు చేసిన వాళ్ల మీద ఉంది. ఎనిమిది నెలల తర్వాత, సెప్టెంబర్ 20 రాత్రి, కొత్త కుర్రాడు బేకర్ మేఫీల్డ్ బెంచీ మీంచి దిగి న్యూయార్క్ జెట్స్ మీద 21-17తో గెలిపించాడు. అది 635 రోజుల తర్వాత వచ్చిన గెలుపు. గెలిస్తేనే తెరుచుకునేలా ఒక బీరు కంపెనీ బార్లలో గొలుసులు బిగించి పెట్టిన ఫ్రిజ్‌లు ఆ రాత్రి తెరుచుకున్నాయి. నగరం ప్రపంచ కప్పు గెలిచినంత సంబరం చేసుకుంది.

ఆ సంబరాన్ని కూడా నిలుపుకోలేకపోయారు. 2021 జనవరిలో పిట్స్‌బర్గ్ మీద 48-37తో ప్లేఆఫ్ ఆట గెలిచిన ఏడాదికే యాజమాన్యం మేఫీల్డ్‌ను వద్దనుకుంది. 2022 మార్చిలో మూడు మొదటి రౌండు వంతులు, మరికొన్ని వంతులు ఇచ్చి, పూర్తి హామీతో 23 కోట్ల డాలర్ల ఒప్పందం రాసి డెషాన్ వాట్సన్‌ను తెచ్చుకుంది. అప్పటికి ఆయన మీద ఇరవై మందికి పైగా మహిళలు లైంగిక దుష్ప్రవర్తన ఆరోపణలతో సివిల్ దావాలు వేసి ఉన్నారు. ఆయన ఆరోపణలను ఖండించాడు, గ్రాండ్ జ్యూరీలు క్రిమినల్ అభియోగాలు మోపలేదు. లీగు మాత్రం 11 ఆటల నిషేధం, 50 లక్షల డాలర్ల జరిమానా వేసింది. మూడు సీజన్లలో ఆయన ఆడింది 19 ఆటలే. 2024లో జట్టు 3 గెలిచి 14 ఓడింది. చాలా మంది అభిమానులకు, ముఖ్యంగా మహిళలకు, ఇది ఆటలో ఓటమిని మించిన గాయం. ఎవరికోసం చప్పట్లు కొట్టాలో నిర్ణయించుకునే హక్కు కూడా తమ చేతిలోంచి జారిపోయిందని వాళ్లు బాధపడ్డారు.

పరిశోధకులు ఏం తేల్చారు

అభిమానం మీద శాస్త్రీయమైన చర్చ 1976లో రాబర్ట్ చాల్దీని బృందం చేసిన అధ్యయనంతో ఊపందుకుంది. కాలేజీ జట్టు శనివారం గెలిస్తే సోమవారం ఆ కాలేజీ గుర్తులున్న బట్టలు వేసుకొచ్చే విద్యార్థులు పెరుగుతారని ఆ బృందం గమనించింది. గెలుపు నీడలో నిలబడటం మనిషి సహజ గుణం. ఓటమి నుంచి దూరం జరగడమూ అంతే సహజమని 1986లో మరో బృందం చూపింది. అయితే అందరూ అలా దూరం జరగరని 1990లో వాన్, బ్రాన్స్‌కూంబ్ చేసిన పని చెబుతుంది. జట్టుతో తమను పూర్తిగా ముడివేసుకున్నవాళ్లు ఓటమిలోనూ అంటిపెట్టుకునే ఉంటారు. గాలివాటు అభిమాని టీవీ కట్టేసి వెళ్లిపోతాడు. నిజమైన అభిమాని వెళ్లలేడు, అందుకే కోపం తెచ్చుకుంటాడు. కోపం అభిమానం చచ్చిపోయిందనడానికి గుర్తు కాదు, బతికే ఉందనడానికి సాక్ష్యం.

ఈ బంధం శరీరాన్ని కూడా తాకుతుంది. జట్టు ఓడిన మరునాడు ఆ నగరంలో జనం తినే కొవ్వు పదార్థాలు 16 శాతం దాకా పెరుగుతాయని 2013లో కోర్నీల్, షాందోన్ చేసిన పరిశోధన చూపింది. అంతకంటే కలవరపెట్టేది 2011లో కార్డ్, డాల్ వెలువరించిన ఫలితం. సొంత జట్టు తప్పక గెలుస్తుందని అంచనా ఉన్న ఆటలో ఓడితే, ఆ వేళకు పురుషులు ఇంట్లో ఆడవాళ్ల మీద చేయిచేసుకున్న కేసులు పది శాతం పెరిగాయి. ఇద్దరూ సమానమన్న ఆటలో ఓడినప్పుడు చెప్పుకోదగ్గ ప్రభావం కనిపించలేదు. ఆశ పెట్టి తీసేసినప్పుడే మనసు అదుపు తప్పుతోందని ఈ లెక్క చెబుతోంది. ఆ హింసకు ఏ ఓటమీ సాకు కాదు. ఆటే కదా అని కొట్టిపారేసేవాళ్లు మాత్రం ఆ ఇళ్లను ఒకసారి తలుచుకోవాలి.

వదిలేసి పోవడం ఎందుకు కష్టమో ఊరి చరిత్ర చెబుతుంది. 1950లో క్లీవ్‌లాండ్ జనాభా 9 లక్షలు దాటింది, 2020 నాటికి అది 3.73 లక్షలకు పడిపోయింది. ఉక్కు మిల్లులు, కార్ల కర్మాగారాలు మూతపడి, చదువుకున్న పిల్లలు ఊరొదిలి పోయిన చోట, అందరికీ ఉమ్మడిగా మిగిలిన కొద్ది వాటిల్లో జట్టు ఒకటి. ఊరు వదిలిన కొడుకు ఆదివారం నాన్నకు ఫోన్ చేస్తే మాట్లాడుకునేది బ్రౌన్స్ గురించే. జట్టును మార్చుకోమనడం అంటే ఆ ఫోన్‌ను మానేయమనడమే. ఆర్థికవేత్త ఆల్బర్ట్ హర్ష్‌మన్ 1970లో రాసిన పుస్తకంలో, సంస్థ దిగజారినప్పుడు జనానికి రెండే దారులుంటాయన్నాడు: వదిలి పోవడం, లేదా నోరు విప్పడం. విధేయత ఎక్కువైతే మొదటి దారి మూసుకుపోతుంది. అప్పుడు మిగిలింది గొంతే. అభిమాని గొంతును కూడా వద్దనేవాళ్లు అతనికి ఉన్న ఒక్క దారినీ మూసేస్తున్నారు.

నిరసన ఎక్కడ పనిచేసింది

న్యూ ఆర్లియన్స్ సెయింట్స్ అభిమానులు 1980లో తలలకు కాగితం సంచులు తొడుక్కుని స్టేడియానికి వచ్చారు. ఆ ఏడాది జట్టు ఒక్కటి గెలిచి 15 ఓడింది. స్థానిక క్రీడా వ్యాఖ్యాత బడ్డీ డిలిబెర్టో ఆ సంచులకు ప్రచారం ఇచ్చాడు, జట్టు ఎప్పుడైనా సూపర్ బౌల్‌కు వెళ్తే గౌను వేసుకుని వీధుల్లో నాట్యం చేస్తానన్నాడు. 2005లో ఆయన చనిపోయాడు. 2010లో జట్టు సూపర్ బౌల్‌కు చేరగానే వేల మంది మగవాళ్లు గౌన్లు వేసుకుని ఆయన మాట నిలబెట్టారు. బాధను కలిసి మోసిన ఊరు సంతోషాన్ని కూడా కలిసే పంచుకుంది. అయితే ఆ సంచులు ఆనాటి పాలనను వెంటనే మార్చలేకపోయాయి. జట్టు మొదటిసారి ఓటముల కంటే ఎక్కువ గెలుపులు చూసింది 1987లోనే.

న్యూయార్క్ జెయింట్స్ కథలో గురి సూటిగా ఉంది. 1978 నవంబర్ 19న ఫిలడెల్ఫియా మీద గెలుపు ఖాయమైన ఆఖరి క్షణాల్లో, బంతి పట్టుకుని కూర్చుంటే సరిపోయేదానికి, చేతులు మార్చబోయి జారవిడిచి ఓడారు. తర్వాతి వారాల్లో అభిమానులు సీజన్ టికెట్లు తగలబెట్టారు. డిసెంబర్‌లో స్టేడియం మీదుగా ఒక చిన్న విమానం పదిహేనేళ్ల చెత్త ఆట ఇక చాలు అనే అర్థం వచ్చే బ్యానర్ లాక్కుంటూ ఎగిరింది. కింద జనం అదే మాట అందుకున్నారు. ఆ సీజన్ ముగిశాక కోచ్ పదవి పోయింది, జనరల్ మేనేజర్ పదవి పోయింది. జట్టులో చెరి సగం వాటా ఉన్న మారా కుటుంబీకులు, బాబాయి, అన్న కొడుకు, ఒకరి మాట ఒకరు వినని స్థితిలో ఉంటే లీగు కమిషనర్ పీట్ రోజెల్ కల్పించుకున్నాడు. బయటివాడైన జార్జ్ యంగ్ 1979లో పగ్గాలు అందుకున్నాడు. 1981లో ప్లేఆఫ్స్, 1987 జనవరిలో సూపర్ బౌల్ వచ్చాయి. 2024 డిసెంబర్‌లో ఆ జట్టు కొత్త స్టేడియం మీద మళ్లీ విమానం ఎగిరింది, ఈసారి యజమాని జాన్ మారా పేరు పెట్టి.

డెట్రాయిట్ లయన్స్‌లో గొంతు చాలా ఏళ్లు చెవిటి గోడకు తగిలింది. మాట్ మిల్లెన్ 2001లో అధ్యక్షుడయ్యాడు. నాలుగేళ్ల వరుస వైఫల్యం తర్వాత 2005లో యజమాని విలియం క్లే ఫోర్డ్ ఆయన ఒప్పందాన్ని పొడిగించాడు. ఆ డిసెంబర్‌లో అభిమానులు ఫోర్డ్ ఫీల్డ్ బయట ప్రదర్శన చేశారు, ఏ ఆటలో చూసినా ఆయన్ను తీసేయమన్న అట్టలే. 2008 సెప్టెంబర్‌లో గానీ ఆయన్ను పంపలేదు. అప్పటికి లెక్క 31 గెలుపులు, 84 ఓటములు. ఆ సీజన్ 16 ఆటల్లోనూ జట్టు ఓడింది. అధిపతి వినకపోతే అరుపు అరుపుగానే మిగిలిపోతుందని డెట్రాయిట్ చెబుతుంది. అందుకే చట్టం కూడా కావాలి. మోడెల్ చేసిన పనికి బదులుగా ఒహాయో 1996లో ఒక చట్టం తెచ్చింది. ప్రజల పన్నుతో కట్టిన స్టేడియంలో ఆడే జట్టు తరలిపోవాలంటే ఆరు నెలల ముందు నోటీసు ఇచ్చి, స్థానికులకు కొనుక్కునే అవకాశం ఇవ్వాలి. అభిమానుల కోపం సాధించిన గట్టి ఫలితం ఇదే. అయినా ఆ చట్టాన్ని 2025లో సడలించారు. బ్రౌన్స్ నగర కేంద్రాన్ని వదిలి బ్రూక్ పార్క్‌లో కొత్త స్టేడియం కట్టుకోవడానికి అదే ఏడాది రాష్ట్రం 60 కోట్ల డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకుంది. ఓడినా గెలిచినా ప్రజల సొమ్ము అడగడానికి యజమానులు వెనుకాడరు. ప్రజల సొమ్ము తీసుకున్నాక ప్రజలకు జవాబు చెప్పాలనడం అత్యాశ కాదు.

అభిమాని తప్పు ఎక్కడ

కోపం న్యాయమైనదైనంత మాత్రాన అది చేసే ప్రతి పనీ న్యాయం కాదు. 2001 డిసెంబర్ 16న రెఫరీల నిర్ణయం నచ్చక క్లీవ్‌లాండ్ జనం మైదానంలోకి వేలకొద్దీ ప్లాస్టిక్ బీరు సీసాలు విసిరారు. ఆ సీసాల వానలో ఆటగాళ్లు, రెఫరీలు తలలు కాచుకుంటూ పరుగెత్తారు. తప్పు చేసిన యజమాని గాజు తలుపుల వెనక సురక్షితంగా కూర్చుంటే, దెబ్బలు తినేది మైదానంలో ఉన్నవాళ్లు. మోకాలు దెబ్బతిని నేల మీద పడిన ఆటగాడిని చూసి చప్పట్లు కొట్టడం, క్యాచ్ వదిలేసిన ఇరవై రెండేళ్ల కుర్రాడి ఇంటివాళ్లను తిట్టడం ఇవన్నీ ఆ కోవలోవే. వాళ్ల ఒప్పందాల్లో చాలా భాగానికి హామీ ఉండదు, కెరీర్ మూణ్నాలుగేళ్లకే ముగిసిపోవచ్చు.

అభిమానుల ఒత్తిడి వల్లే యజమానులు కోచ్‌లను తొందరపడి మారుస్తున్నారన్న వాదన కూడా ఉంది. అందులో కొంత నిజముంది. కోచ్ మారితే పద్ధతి మారుతుంది, పద్ధతి మారితే ఆటగాళ్లు మారాలి, మళ్లీ మొదటికొస్తుంది. కానీ క్లీవ్‌లాండ్‌లో అన్నిసార్లు కోచ్‌ను మార్చింది జనం కాదు. జనం వేలెత్తి చూపినప్పుడల్లా ఆ వేలు తమ మీదికి రాకుండా మధ్యలో ఒకరిని బలి ఇచ్చి తప్పించుకున్నది యజమానులు. కోచ్ తలను కోరుకోవడంతో ఆగిపోయే నిరసన యజమానికి చేసేది మేలే.

డెట్రాయిట్ మారిన తీరు

1957 టైటిల్ తర్వాత డెట్రాయిట్ 2023 దాకా గెలిచిన ప్లేఆఫ్ ఆట ఒక్కటే, 1992 జనవరిలో. బ్యారీ శాండర్స్, కాల్విన్ జాన్సన్ లాంటి మహా ఆటగాళ్లు ముందుగానే ఆట మానేసి వెళ్లారు. మాథ్యూ స్టాఫర్డ్ పన్నెండేళ్లు ఆడి లాస్ ఏంజెలస్ వెళ్లి మొదటి సీజన్లోనే సూపర్ బౌల్ గెలిచాడు. ఇంతటి ఎడారిలో 2020లో యజమానులైన ఫోర్డ్ కుటుంబం తరఫున షీలా ఫోర్డ్ హాంప్ బాధ్యత తీసుకుంది. 2021 సెప్టెంబర్‌లో కాల్విన్ జాన్సన్ సన్మానంలో ఆమె మైకు పట్టుకోగానే స్టేడియం మొత్తం ఈసడించింది. ఆమె పారిపోలేదు. 2022లో జట్టు 1-5తో ఉండగా విలేకరుల ముందుకొచ్చి, కోచ్ డాన్ క్యాంప్‌బెల్ మీద నమ్మకముందనీ ఓపిక పట్టమనీ అడిగింది. ఆ సీజన్ 9-8తో ముగిసింది. 2024 జనవరి 14న జట్టు 32 ఏళ్ల తర్వాత ప్లేఆఫ్ ఆట గెలిచింది, అదీ స్టాఫర్డ్ నడిపించిన జట్టు మీదే.

ఇక్కడ గమనించాల్సింది ఆ గెలుపు కంటే ముందటి రోజులు. 2021లో డెట్రాయిట్ ఒక డ్రా తప్ప గెలుపన్నది లేకుండా డిసెంబర్ దాకా నడిచింది. డిసెంబర్ 5న ఆఖరి బంతికి మిన్నెసోటా మీద గెలిస్తే, క్యాంప్‌బెల్ ఆ గెలుపును అంతకు అయిదు రోజుల ముందు పక్క ఊరు ఆక్స్‌ఫర్డ్ బడిలో కాల్పులకు బలైన పిల్లలకు అంకితమిచ్చాడు. ఆ సీజన్ మూడు గెలుపులతోనే ముగిసినా అభిమానులు ఆయన్ను తిట్టలేదు, హత్తుకున్నారు. తమతో మాట్లాడే మనిషి, తమ ఊరిని తనదనుకునే మనిషి దొరికినప్పుడు వాళ్లు ఓటమికీ ఓపిక పట్టారు. అభిమాని అడిగేది టైటిల్ ఒక్కటే అనుకునేవాళ్లకు డెట్రాయిట్ 2021 సీజన్ జవాబు.

మనకు దీనితో పనేమిటి

డాలస్ శివార్లలోని ఫ్రిస్కో, ప్లేనో, అర్వింగ్‌లలో తెలుగు కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. డాలస్ ఫుట్‌బాల్ జట్టు కౌబాయ్స్ ప్రధాన కార్యాలయం ఫ్రిస్కోలోనే ఉంది. ఆ వీధుల్లో పెరుగుతున్న పిల్లలకు ఆ జట్టు గుర్తైన నీలం నక్షత్రం తెలుసు. 1996 జనవరి తర్వాత ఆ జట్టు సూపర్ బౌల్ ముఖం చూడలేదన్న బాధా తెలుసు. ప్రపంచంలో అన్నిటికంటే ఖరీదైన జట్టు అది, యజమాని జెర్రీ జోన్స్ 1989 నుంచి జనరల్ మేనేజర్ కూడా తానే. తనను తాను తీసేసుకునే మేనేజర్ ఎక్కడా ఉండడు.

మన దగ్గర ఐపీఎల్ కూడా అమెరికా పద్ధతిలోనే కట్టిన మూసిన లీగు. కింది మెట్టు లేదు, ప్రసార హక్కుల డబ్బు పంపకం ఉంది. 2009లో కప్పు గెలిచిన డెక్కన్ ఛార్జర్స్‌ను 2012లో బోర్డు రద్దు చేసినప్పుడు హైదరాబాద్ అభిమాని మాట ఎవరూ అడగలేదు. కొత్త పేరుతో కొత్త జట్టు వచ్చింది, పాత కప్పు గుర్తుగా మిగిలింది. క్లీవ్‌లాండ్ తన జట్టు పేరు, చరిత్ర నిలబెట్టుకోవడానికి కోర్టుదాకా వెళ్లిందని తెలిస్తే, మనం అడగకుండా వదిలేసింది ఏమిటో అర్థమవుతుంది.

ఇన్ని ఊళ్ల అనుభవం ఒకే దారి చూపిస్తోంది. కోపం ఆటగాడి మీద కాక అధికారం ఉన్నవాడి మీద పెట్టాలి. కోచ్ పేరుతో ఆగకుండా యజమాని పేరు చెప్పాలి. పన్ను సొమ్ము అడిగిన ప్రతిసారీ లెక్కలు, షరతులు, తరలిపోకుండా హామీ అడగాలి. గ్రీన్ బేలో ఐదు లక్షలకు పైగా వాటాదారులున్నా, అలాంటి ప్రజా యాజమాన్యం మరో జట్టుకు రాకుండా లీగు నిబంధన అడ్డుపడుతోంది. ఆ నిబంధనను ప్రశ్నించే రాజకీయం కావాలి. అభిమానులు ఇచ్చేది డబ్బు ఒక్కటే కాదు, వాళ్ల ఆదివారాలు, వాళ్ల పిల్లల చిన్నతనం. అంత ఇచ్చినవాళ్లకు ఓటమికి కారణం తెలుసుకునే హక్కు, దాన్ని సరిదిద్దమని ఆజ్ఞాపించే హక్కు ఉన్నాయి. ఆ హక్కును లీగులు రాతపూర్వకంగా ఒప్పుకునే దాకా ఈ కోపం చల్లారకూడదు.